ఈ వయసు ఎవరు చెప్పారు?

మెదడు బొమ్మలు చదవడం నేర్చుకోవడానికి వచ్చిన కొత్త డాక్టర్లకు నేను మొదట చూపించేది మెదడు కాదు. తెర మీద ఓ మూలన చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది. అది రోగి వయసు. దాని మీద వేలు పెట్టి, "ఇది ఎవరు చెప్పారు?" అని అడిగేదాన్ని. కంప్యూటర్‌లో ఉంది కదా మేడమ్ అనేవారు. కంప్యూటర్‌కు ఎవరు చెప్పారంటే కౌంటర్లో కూర్చునే అమ్మాయి. ఆమెకు ఎవరు చెప్పారంటే ఆధార్ కార్డు. కార్డుకు ఎవరు చెప్పారంటే జవాబు ఉండేది కాదు.

నేను రేడియాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మొదటి సగం ఒక మెడికల్ కాలేజీలో, రెండో సగం ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్‌లో. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ సభలో శాలువా కప్పారో ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఈ పనిలో అసలు కష్టం ఎక్కడుందో చెప్పడానికి ఒక కేసు ఎక్కువగా, మరొకటి కొంచెంగా రాస్తాను.

మెదడు క్యాలెండర్

తల్లి కడుపులో ఐదు నెలల పిండం మెదడు ఉడికించి వలిచిన గుడ్డులా నున్నగా ఉంటుంది. తర్వాత దాని మీద గాడులు పడడం మొదలవుతుంది. ఏ గాడి ముందు, ఏది తర్వాత అన్న వరస అన్ని బిడ్డల్లోనూ దాదాపు ఒకటే. నెలలు నిండేసరికి ఆ గాడుల మధ్య మడతలన్నీ ఏర్పడి, మనకు తెలిసిన మెదడు రూపం వస్తుంది. పుట్టాక లోపలి తీగల చుట్టూ కొవ్వు పొర పట్టడం మొదలవుతుంది. తొలి రెండేళ్లలో బొమ్మ ఎంత మారుతుందంటే, ఒక పద్ధతిలో తీసిన బొమ్మలో మొదట నల్లగా ఉన్నది తెల్లగా, తెల్లగా ఉన్నది నల్లగా అవుతుంది. ఆ పని పాతికేళ్లు దాటినా కొంత సాగుతూనే ఉంటుంది. తర్వాత చాలాకాలం పెద్ద మార్పు కనబడదు. ఆపైన మెల్లగా తరుగుదల. మడతల మధ్య ఖాళీలు వెడల్పవుతాయి.

ఇందులో ఏదీ జబ్బు కాదు, దాని కాలంలో అది జరిగితే. కాలం తప్పితే జబ్బు. ఒకే బొమ్మ ఇరవై ఐదో వారంలో ఆరోగ్యం, ముప్ఫయ్యో వారంలో అంగవైకల్యం. ముసలితనంలోనూ అంతే. అందుకే మూలనున్న ఆ అంకె తప్పయితే, మనం ఎంత బాగా చదివినా తప్పే చదువుతాం. బాగా చదివేవాళ్లు ఇంకా ధీమాగా తప్పు చదువుతారు.

ములకలపల్లి వైపు నుంచి ఒక పెద్దాయనను కొడుకు తీసుకొచ్చాడు. మతిమరుపు. కార్డులో అరవై ఏళ్లు. మా దగ్గర కొత్తగా చేరిన డాక్టర్ నవీన్ బొమ్మ చూసి, వయసుకు మించిన తరుగుదల అని రాశాడు. అరవైలో ఆ తరుగుదల ఉంటే కొడుకుకు చెప్పాల్సిన మాట చాలా బరువైనది. నేను బయటికి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

"తాతా, భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన కట్టిన్రు గదా. నీకు యాదికున్నదా?"

"యాదికుండుడేంది, ఆడ ఇసుక మోసిన. పడవల అవతలికి పోయేటోళ్లం. అప్పటికే నాకిద్దరు పిల్లలు."

"నీ వయసు అరవై అని ఎవరు రాసిన్రు మరి?"

"ఫోటో తీసే పిలగాడు రాసిండు. నన్ను జూసి, తాతా నీకు అరవై ఏస్తున్న అన్నడు. ఏస్కో, నాదేం పోయింది అన్న."

వంతెన కట్టి ఎన్నేళ్లయిందో దానికి పాతికేళ్లు కలుపుకుని లెక్కవేస్తే ఎనభై దగ్గరికి వస్తుంది. ఆ వయసుకు ఆ తరుగుదల పెద్ద వింత కాదు. మతిమరుపుకు వేరే కారణం వెతకమని రాశాం. థైరాయిడ్ బయటపడింది. మందులు వాడాక చాలావరకు తేరుకున్నాడు. నవీన్ ఆ రోజు బాగానే నవ్వాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన కేసులో మా ఎవరి ముఖాల మీదా నవ్వు లేదు.

బూర్గంపాడు అమ్మాయి

అది అక్టోబరు, సోమవారం. బూర్గంపాడు నుంచి ఇరవై రెండేళ్ల మౌనికను తీసుకొచ్చారు. తొలి కాన్పు. భర్త కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోతాడు, ఆ రోజు సెలవు దొరకలేదు. వెంట వచ్చినవాళ్లు అత్త కరుణమ్మ, తల్లి దానమ్మ. దానమ్మది ములకలపల్లి దగ్గర అడవి అంచు పల్లె. వియ్యపురాళ్లిద్దరూ ఒకే బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు.

కొత్తగూడెంలో అల్ట్రాసౌండ్ చేసిన డాక్టరు బిడ్డ తల చిన్నగా ఉందనీ, మెదడు మీద మడతలు కనబడడం లేదనీ చెప్పి, ఖమ్మం పోయి ఎమ్మారై తీయించుకోమన్నారు. గర్భిణి కార్డు ప్రకారం మౌనికకు ఇరవై తొమ్మిది వారాలు. ఇరవై నాలుగు దాటిన గర్భాన్ని తీయాలంటే డాక్టర్ల బోర్డు అనుమతి కావాలి. ఆ వారంలోనే బోర్డు కూర్చుంటుంది. మా రిపోర్టు పట్టుకుని వాళ్లు నేరుగా అక్కడికే పోవాలి. ఇవన్నీ కరుణమ్మ నాకు కౌంటర్ దగ్గరే వరసగా చెప్పింది. ఆమెకు అన్నీ తెలుసు.

ఎమ్మారై గదిలోకి లోహం పోకూడదు. మౌనిక మెడలో శిలువ గుర్తున్న పుస్తె ఉంది. తీయమంటే కరుణమ్మ ఒప్పుకోలేదు. ఇలాంటి వాళ్ల కోసం మా నర్సు ఒక డబ్బాలో పసుపు కొమ్ము కట్టిన దారాలు ఉంచేది. అది చూపించింది.

"మేం యేసయ్య బిడ్డలం సిస్టర్. పసుపు కొమ్ము మాకెందుకు?" అంది కరుణమ్మ. పుస్తె తీసేశాక కోడలి బోసి మెడను ఒకసారి చూసింది. "సరే, కట్టుండ్రి. ఖాళీగుంటే నాకు పాణం ఆగది."

స్కాన్ అయ్యాక నవీన్ ముందుగా చూసి రిపోర్టు చిత్తుప్రతి రాశాడు. మడతలు ఏర్పడని మెదడు, తీవ్రమైన లోపం అని. అతణ్ని తప్పుపట్టను. ఇరవై తొమ్మిది అనుకుని చూస్తే ఎవరైనా అదే రాయాలి. మధ్యలో నిలువుగా లోతుగా ఉండాల్సిన గాడి గోరుతో గీసినట్టుంది. పక్కన మూసుకుపోతూ ఉండాల్సిన లోయ ఇంకా బార్లా తెరిచి ఉంది.

నన్ను ఆపింది వేరే విషయం. మడతలు నెల వెనకబడ్డాయి. పక్క లోయ కూడా నెలే వెనకబడింది. మెదడు గోడ లోపల కొంతకాలం మాత్రమే కనబడి చెరిగిపోయే పొరలుంటాయి. అవి ఇరవై ఐదో వారంలో ఎంత స్పష్టంగా ఉండాలో అంత స్పష్టంగా ఉన్నాయి. వెనకనుండే చిన్నమెదడు కొలత ఇరవై ఐదు. కొత్తగూడెం డాక్టరు కొలిచిన తొడ ఎముక ఇరవై ఐదు. జబ్బు ఇంత పద్ధతిగా నడవదు. ఒకచోట తింటుంది, ఒకచోట వదులుతుంది. అన్నింటినీ సమానంగా నెల రోజులు వెనక్కి నెట్టిందంటే, వెనకబడింది బిడ్డా, లేక ముందుకు పోయింది కార్డా?

ఇది అనుమానం మాత్రమే. కొన్ని జబ్బులు బిడ్డ మొత్తాన్ని చిన్నది చేస్తాయి. తొలి నెలల్లో స్కాన్ తీసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. తీయలేదు. కార్డు మీద తేదీ ఉంది గానీ అది అమ్మాయి చెప్పిన తేదీ కాదు. ఎన్నో నెల అని అడిగి, దాని నుంచి వెనక్కి లెక్కించి వేసింది.

అడగడం

ఇక్కడ చిన్నవాళ్లు జాగ్రత్తగా వినాలి. ఆ క్షణంలో బయటికి పోయి, "అమ్మా, నెల లెక్క తప్పయి ఉంటే మీ బిడ్డకు ఏ జబ్బూ లేదు, సరిగ్గా చెప్పండి" అనడం చాలా తేలిక. దయగల పని లాగా కూడా ఉంటుంది. కానీ అలా అన్నాక ఏ తల్లి అయినా తప్పయిందనే చెబుతుంది. ఆ జవాబు ఇక దేనికీ పనికిరాదు. మనకు ఏ జవాబు కావాలో వాళ్లకు తెలియకుండా అడగాలి. ఒక్కొక్కరిని విడిగా అడగాలి.

రెండు బొమ్మలు బిడ్డ కదలడం వల్ల చెదిరాయి. అవి మళ్లీ తీయాల్సినవే. మౌనికను లోపలికి పిలిపించి, బల్ల మీద పడుకోబెడుతూ అడిగాను. నెలసరి తేదీ అడగలేదు.

"కడుపు పండక ముందు ఆఖరిసారి బయట ఉన్నది ఏ ఇంట్ల బిడ్డా? అత్తగారింట్లనా, అమ్మగారింట్లనా?"

"అమ్మోళ్లింట్ల మేడమ్."

"ఏం పని మీద పోయినవ్?"

"ఈస్టర్‌కు. పెళ్లయినంక మొదటి ఈస్టర్ గదా, తోలుకపోయిన్రు. ఆదివారం పొద్దున ప్రార్థనల నడుము నొప్పి లేసింది. పాటలు అయ్యేదాక ఆగలేక ఇంటికొచ్చిన. అమ్మ తిట్టింది, ముందుగాల చూసుకోవా అని."

అంతలో ఆమె ముఖం మారింది. నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, ఇది మా అత్తమ్మకు చెప్పకుండ్రి."

"ఎందుకు?"

"అమ్మనడుగుండ్రి. నేనేం చెప్ప."

ఈస్టర్ ఏటా మారుతుంది. ఆ ఏడు ఏప్రిల్ మూడో వారంలో వచ్చింది. క్యాలెండర్ తీసి ఆ ఆదివారం నుంచి లెక్కవేశాను. ఇరవై ఐదు వారాల ఒక రోజు.

సెంటర్ యజమాని దగ్గరికి వెళ్లాను. ఆయనా రేడియాలజిస్టే, నాకంటే నాలుగేళ్లు పెద్ద. అందరం సార్ అనేవాళ్లం. తొందర మనిషి. రిపోర్టు ఆలస్యమైతే పంపిన డాక్టరు మళ్లీ కేసు పంపడని ఆయన బెంగ. అది తీసేస్తే బొమ్మ చదవడంలో నాకంటే దిట్ట. ఆయన ఆ రోజు అన్నది మాత్రం వ్యాపారం మాట కాదు.

"రుక్మిణి గారూ, భయపడ్డ పిల్ల ఏదైనా చెప్తుంది. కార్డు ఒకటి చెప్తోంది, అత్తా అదే చెప్తోంది, మీరు ఈ పిల్ల మాట ఒక్కటీ పట్టుకుంటారా?"

"మూడు వారాలు ఆగి మళ్లీ తీద్దాం సార్. మంచి మెదడైతే ఈ మూడు వారాల్లో గాడులు పడి తీరాలి. జబ్బయితే పడవు."

"పడకపోతే? ఈ వారం బోర్డు పోతుంది. మూడు వారాల తర్వాత బిడ్డ ఇంకా పెద్దదవుతుంది. అప్పుడు అనుమతి వచ్చినా ఆ పిల్ల ఒంటి మీద ఎంత భారం? రాకపోతే? జీవితాంతం మంచం మీదుండే బిడ్డను మీరొచ్చి ఎత్తుకుంటారా?"

 ఆయన చెప్పింది నిజం. ఆగడం వల్ల నష్టం ఉండదు అనుకునేవాళ్లు ఈ పనికి పనికిరారు. ఆగడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఎవరో ఒకరి ఒంటితో మూల్యం కట్టాలి.

"తల్లిని కూడా అడిగి వస్తాను," అన్నాను.

సరినెల

దానమ్మ నా గదిలోకి వచ్చి కుర్చీ చూపించినా కూర్చోలేదు. నేను వెంటనే నెల గురించి ఎత్తలేదు.

"బిడ్డను పుట్టింటికి ఎప్పుడు తీసుకపోయినవ్ దానమ్మా?"

"గోదారి ఎక్కినప్పుడు."

"అప్పుడు ఎన్నో నెల?"

"ఐదు. కార్డుల ఉన్నది గదా."

"లెక్క ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

ఇంకేమీ అడగలేదు. ఎదురుచూశాను. ఆమె కొంగు చివర మెలిపెడుతూ నిలబడింది. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి తనే అడిగింది.

"మేడమ్, ఒక్కమాట. సరినెలల ఊరు దాటిస్తే బిడ్డ తల ఎదగదా?"

కుర్చీ ఆమె వైపు జరిపాను. "ఎవరు దాటించిన్రు?"

అప్పుడు కూర్చుంది. అంతా చెప్పింది.

మా వైపు కడుపుతో ఉన్న పిల్లను పుట్టింటికి తీసుకుపోవాలంటే మూడో నెలో, ఐదో నెలో, ఏడో నెలో కావాలి. సరినెలల్లో గడప దాటించరు. మతం మారినా చాలా ఇళ్లలో ఈ పట్టింపు మారలేదు. ఆ జులైలో గోదావరి పొంగింది. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని విని దానమ్మ ఆటో మాట్లాడుకుని బూర్గంపాడు వెళ్లింది. అప్పటికే వాళ్ల బజారులోకి నీళ్లు వచ్చాయి. మౌనికకు వాంతులు, నీరసం.

"పిల్లను తోలుకపోత వదినా అన్న. నాలుగో నెల నడుస్తుంది, సరినెల, ఊరు దాటొద్దు, మిద్దె మీద కూసుందాం అన్నది వదిన. ఎంత జెప్పినా ఇనలే. నీళ్లు జూస్తే గుండె ఆగట్లే. నాలుగు కాదు వదినా, ఐదు నడుస్తుంది, పిల్ల సిగ్గుకు నీకు నెల ఆలిస్యంగ చెప్పింది అన్న. అట్లనా, ఐతే తోలుకపో అన్నది. మా ఊరికొచ్చినంక నర్సమ్మ వచ్చి ఎన్నో నెల అన్నది. అల్లుడు పక్కనే నిలబడ్డడు. ఐదు అన్న. రాసుకుంది."

"తర్వాతైనా చెప్పొచ్చు గదా?"

"చెబుదామనే అనుకున్న. గంతల కొత్తగూడెంల తల చిన్నగున్నది అన్నరు. ఇగ నోరెట్ల లేస్తది మేడమ్? నువ్వు సరినెలల దాటించినవ్, అందుకే గిట్లయింది అనదా? అంటది. నాకే అనిపిస్తుంది. రాత్రిళ్లు నాకదే." ముఖం కొంగులో దాచుకుంది. "నేనే జేసిన గదా మేడమ్?"

ప్రయాణం వల్ల బిడ్డ తల ఎదగకపోవడం అనేది లేదని, అంతవరకు గట్టిగా చెప్పాను. మిగతాది చెప్పలేదు. నాకే తెలియదు కాబట్టి.

ఆమెకు ఏ జవాబు మేలు చేస్తుందో తెలియకుండానే ఆమె మాట కూతురి మాటతో కలిసింది. ఆ రోజు నా చేతిలో ఉన్న బలం అంతా అదే. డాక్టర్లు చెప్పే చెడ్డకబురు ఎంత పెద్దదైతే, నిజం చెప్పడం ఆ తల్లికి అంత కష్టమైంది. తర్వాత చాలాసార్లు దీని గురించి ఆలోచించాను. మనం భయపెట్టే కొద్దీ మనకు కావలసిన సమాచారం లోపలికి పోయి దాక్కుంటుంది. చరిత్ర సరిగ్గా చెప్పరు అని రోగులను విసుక్కునే డాక్టర్లు, తాము ఏ గొంతుతో అడిగారో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

సార్ అంతా విన్నారు.  "రాయండి. సంతకం మీరొక్కరే పెట్టండి," అన్నారు. పెట్టాను. గర్భం వయసు అనుమానం, తాజాగా తెలిసిన వివరం ప్రకారం ఇరవై ఐదు వారాలు, మూడు వారాల తర్వాత మళ్లీ తీసి చూసేవరకు లోపం ఉందని గానీ లేదని గానీ చెప్పలేం. ఇదీ రిపోర్టు.

కరుణమ్మ

రిపోర్టు ముగ్గురి ముందూ చదివి చెప్పాను. కరుణమ్మ ఒక్కసారిగా లేచింది.

"ఏంది మేడమ్ ఇది? ఆడ జల్దీ తీయాలె అంటరు, ఈడ మూడు వారాలు ఆగుమంటరు. మేం ఏమన్న బొమ్మలమా? మా చెల్లె కొడుకు పద్నాలుగేండ్లు మంచం మీదుండి పోయిండు. మెడ నిలవదు, మాట రాదు. నా చెల్లె నడుము ఇరిగింది. నేను జూసిన. ఈ పిల్లకు ఆ బతుకు వద్దు."

అప్పటిదాకా నేను ఆమెను కఠినమైన అత్తగా మాత్రమే చూశాను. కోడలి మీద ప్రేమ లేక తొందరపడుతోంది అనుకున్నాను. ఆమె తొందర ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

"వారాలు ఎట్ల మారినయ్? కార్డుల ఉన్నది తప్పని మీకెవరు జెప్పిన్రు?"

దానమ్మ గోడ వైపు చూస్తోంది. నా గదిలోంచి పోయేముందు ఆమె నన్ను చెప్పవద్దని బతిమాలింది. నేను మాట ఇవ్వలేదు, చెబుతానని కూడా అనలేదు. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా మౌనిక అంది.

"నేనే చెప్పిన అత్తమ్మా. ఈస్టర్‌కు నేను బయట ఉన్న. గోదారి ఎక్కినప్పుడు నాకు నాలుగే."

కరుణమ్మ వెంటనే అర్థం చేసుకుంది. ఆమె తెలివితక్కువ మనిషి కాదు. వియ్యపురాలి వైపు తిరిగింది.

"వదినా?"

దానమ్మ తలూపింది.

 కరుణమ్మ వంగి కోడలి చెప్పులు ఆమె కాళ్ల ముందు పెట్టింది, భుజం పట్టుకుని లేపింది, మెట్లు దింపుకుని తీసుకుపోయింది. దానమ్మ తన సంచీ పట్టుకుని కాస్త వెనకగా వాళ్ల వెంట నడిచింది. కింద ఆటోలో ఆ ఇద్దరే ఎక్కారు. బస్టాండు వైపు దానమ్మ నడిచి పోవడం కిటికీలోంచి చూశాను.

మూడు వారాలు

వాళ్లు ఆ వారం బోర్డుకు పోతారో పోరో నాకు తెలియదు. నా రిపోర్టు ఆపగలదు గానీ, వాళ్లు ఇంకెక్కడికైనా పోతే నేను ఆపలేను. మర్నాడు మౌనిక భర్త ఫోన్ చేశాడు. మూడు వారాలు ఆగుతామన్నాడు. "మా అమ్మ ఎవరితోని మాట్లాడతలేదు మేడమ్. ఆగుదాం అని మటుకు అన్నది. ఆగినంక బిడ్డ బాగ లేదంటే నేనేం జేయాలె?" అని అడిగాడు. అప్పుడు ఏం చేయాలో నేను కూడా మీతో వచ్చి బోర్డు ముందు చెబుతాను అన్నాను. అది చాలదని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజుల్లో నేను రోజూ ఆ బొమ్మలు తీసి చూసేదాన్ని. అది చెడ్డ అలవాటు. పదిసార్లు చూస్తే బొమ్మలో కొత్తగా ఏమీ పుట్టదు, మన కోరిక మాత్రం పెరుగుతుంది. ఒకరోజు గోరుగీతలా ఉన్న గాడి నాకు కొంచెం లోతుగా కనబడింది. మర్నాడు అసలు లేనట్టే అనిపించింది. ఆపైన కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరవడం మానేశాను. సార్ కూడా ఆ ఊసు ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం భోజనం దగ్గర, "పోయిన వారం నేను ఒప్పుకోకుండా ఉండాల్సిందేమో," అని, పెరుగు కలుపుకుని తినేశారు.

మూడో సోమవారం వాళ్లు వచ్చారు. ఈసారి భర్త కూడా ఉన్నాడు. దానమ్మ వేరే బస్సులో వచ్చి మెట్ల దగ్గర నిలబడింది, పైకి రాలేదు. నర్సు వెళ్లి పిలుచుకొచ్చింది. బెంచీ మీద చోటుంది, అయినా కూర్చోలేదు.

ఈస్టర్ లెక్కన ఇరవై ఎనిమిది వారాల ఒక రోజు. కార్డు లెక్కన ముప్ఫై రెండు.

మొదటి వరస బొమ్మలు చెదిరిపోయాయి. బిడ్డ కాళ్లు ఆడిస్తోంది. రెండో వరసా అంతే. టెక్నీషియన్‌ను తొందరపెట్టకుండా ఉండడానికి నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. మౌనికను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, కాసేపు ఊపిరి నిదానంగా తీసుకోమన్నాం. మూడో వరస నిలిచింది.

ముందు నేను చూడలేదు. కాగితం ముక్క చింపి తెర మూలన అతికించి పేరు, వారాలు కనబడకుండా చేశాను. కేసు ఎవరిదో చెప్పకుండా నవీన్‌ను పిలిచాను. పక్క గదిలోంచి వచ్చాడు. బొమ్మలు అటూ ఇటూ తిప్పాడు.

"వయసెంత మేడమ్?"

"నువ్వే చెప్పు."

"మధ్య గాడి రెండు వైపులా దిగింది. దాని ముందుది కూడా మొదలైంది. పక్క లోయ మూసుకుంటోంది. చెవి వైపు గాడి కూడా ఉంది." మళ్లీ ఒకసారి చూశాడు. "ఇరవై ఎనిమిది. ఒక వారం అటూ ఇటూ."

అతణ్ని పంపించి సార్‌ను పిలిచాను. ఆయన నిలబడే చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇరవై ఏడున్నర, ఇరవై ఎనిమిది," అన్నారు. కాగితం తీశాను. పేరు చదివారు. నా భుజం మీద ఒకసారి తట్టి వెళ్లిపోయారు.

అప్పుడు నేను చూశాను. ఒక్కో గాడి, ఎడమా కుడీ, రెండేసి సార్లు. లోపలి పొరలు చెరిగిపోవడం మొదలైంది. అంతా దాని సమయానికి దిగింది.

చిన్నవాళ్లు ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. మడతలు సరిగ్గా పడ్డాయంటే ఆ బిడ్డ బాగా చదువుతుందని, ఏ కష్టమూ రాదని బొమ్మ చెప్పదు. ఈ వారానికి ఈ మెదడు ఉండాల్సినట్టే ఉందని మాత్రమే చెబుతుంది. బయటికి వెళ్లి అంతే చెప్పాను. ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు.

మౌనిక రెండు చేతులతో ముఖం మూసుకుంది. భర్త పక్కకు తిరిగి గోడకున్న టీవీని చూశాడు, అది ఆపేసి ఉంది. దానమ్మ నిలబడ్డచోటే పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. కరుణమ్మ మాత్రం నన్నే చూస్తోంది.

"అంటే నాలుగో నెలల్నే దాటించింది. అయినా ఏం కాలే."

"ఏం కాలేదు."

 "మేడమ్, పిల్లను తోలుకపోయిన పొద్దు మా ఇంట్ల నీళ్లు నడుము దాక వచ్చినయ్. మిద్దె మెట్లు కూలినయ్. మమ్మల్ని పడవల దించిన్రు. ఈమె నిజం జెప్పుంటే నేను పిల్లను పంపకపోదును." నాతో మాట్లాడుతూనే ఆమె, పక్కన బెంచీ మీదున్న తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ అయిన చోటును అరచేత్తో తుడిచింది.

"ఇంకెంతసేపు నిలబడ్తవ్ వదినా? కూసో. నువ్వు నిలబడ్డవని వాడేమన్న ముందుగాల పుడ్తడా?"